రఘునాథపల్లి కట్టమ్మకు, ప్రేమతో

ఎనుమాముల మార్కెట్‌లో మిరప సంచుల మూతులు కుట్టే జహీరుద్దీన్‌కు భయం ముందుగా వేళ్లలో తెలిసేది. దబ్బనం పట్టుకున్న వేళ్లు చల్లబడేవి. పురికొస దబ్బనం కంట్లోకి ఎక్కనని మొండికేసేది. "గుండె ఎనుక కొట్టుకుంటది తమ్మీ. ముందుగాల నా వేళ్లే చెప్తయి నాకు," అనేవాడు. ఎనభై ఐదు వేసవిలో ఆ వేళ్లు చాలా రోజులపాటు వేడెక్కలేదట. యార్డులో ఆరబోసిన కాయల మీద చెయ్యి పెడితే కాలిపోయే ఎండ అది. ఆయన వేళ్లు మాత్రం మంచు.

ఆ సంగతి ఆయన నోటనే చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా పాత దాంట్లో ఒక కొత్త ముక్క తగిలేది. వాటన్నిటినీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

జహీరుద్దీన్ తండ్రిదీ సంచులు కుట్టే పనే. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదువు చిన్న బడిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన బడి అంటే గోనెసంచుల మీది అచ్చు అక్షరాలు, గోడల మీది సినిమా పోస్టర్లు, బజ్జీలు పొట్లం కట్టిచ్చిన పేపరు ముక్కలు. చదవడం వచ్చాక రాయడం పట్టుకుంది. సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుల హుషారు, హమాలీల పరాచికాలు, కాంటా ముల్లు ఊగుతున్నంతసేపూ రైతు గొంతులో దిగని గుటక, ఇవన్నీ కథలుగా రాసి పెట్టుకునేవాడు.

"రాసినవు సరే. అచ్చెవలేస్తరు?" అని అడిగింది భార్య జైనాబీ.

"నేనే ఏయించుకుంట."

"అమ్మేదెవలు?"

"నేనే."

"అయితే చదివెటోనివి గూడ నువ్వే అయితవు తియ్, ఓ షమీమ్ అబ్బా." భర్తను బిడ్డ పేరుతోనే పిలిచేది.

హనుమకొండ చౌరస్తా వెనుక సందులో వెంకట్రాజం ప్రెస్సు ఉండేది. పెళ్లి కార్డులూ కరపత్రాలూ వేసేవాడు. పెళ్లిళ్ల కాలం దాటి మిషను ఖాళీగా ఉన్నప్పుడు జహీరుద్దీన్ పుస్తకం వేసిపెట్టాడు. పేరు 'సంచి మూతి'. అట్టలకు వేరే కాగితం కొనే స్తోమత లేక, పెళ్లి కార్డులకు తెచ్చి మిగిలిపోయిన పసుపుపచ్చ అట్టే వాడారు. ఆ అట్టల మీద కలశం బొమ్మ ముందే అచ్చయి ఉంది. దాని కిందే పుస్తకం పేరు వేశాడు వెంకట్రాజం. యార్డులో ఎవరి చేతిలో పెట్టినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎవలి పెండ్లి జహీరన్నా? ఎప్పుడు?"

అచ్చయిన కాగితాలు ఇంటికి తెచ్చి జహీరుద్దీనే కుట్టాడు, దబ్బనంతో, పురికొసతో. అది చూసి వెంకట్రాజం తల పట్టుకున్నాడు. "పుస్తకం కుట్టుమంటే బస్తా కుట్టినవేంది వయా!" కుట్టు గట్టిదే. కానీ మైదాపిండితో అంటించిన అట్ట మాత్రం ఎండ తగిలితే ఊడి చేతికొచ్చేది.

దుకాణాల్లో పెడితే అమ్ముడవుతుందనుకున్నాడు. హనుమకొండలో ఒక పుస్తకాలాయన కొన్ని కాపీలు తీసుకుని, "పెట్టి పో, చూద్దాం," అన్నాడు. చానాళ్లకు వెళ్లి చూస్తే అవి టేబుల్ ఫ్యాను కింద ఎత్తుకు పెట్టి ఉన్నాయి. ఒక పత్రికకు సమీక్ష కోసం పంపాడు. వచ్చిన పుస్తకాల వరుసలో పేరూ ఊరూ వేసి వదిలేశారు. జహీరుద్దీన్ ఆ ఒక్క వాక్యాన్ని కత్తిరించి టోపీ మడతలో పెట్టుకు తిరిగాడు.

ఇక లాభం లేదని తనే యార్డులో నిలబడ్డాడు. పొద్దున్నే మిరప కుప్పల పక్కన రైతులు కూర్చుని ఉంటారు. జెండా పాట అనే వేలం అయ్యి ఆ రోజు ధర తేలేదాకా వాళ్లకు కదలడానికి ఉండదు, చెయ్యడానికి పనీ ఉండదు. ఒక కుప్ప పక్కన నిలబడి 'కాంటా' అనే కథ ఎత్తుకునేవాడు. అందులో ఒక రైతుకు తూకం మీద అనుమానం వస్తుంది. వెళ్లి తన సంచి మీద కూర్చుంటాడు. పక్కవాడూ కూర్చుంటాడు. చూస్తుండగా అందరూ కూర్చుంటారు. "మల్ల జోకుండ్లి," అంటాడు మొదటివాడు, మళ్లీ తూచమని. కాంటా పట్టినవాడు చెయ్యి పైకెత్తుతాడు... అక్కడ టపీమని పుస్తకం మూసేవాడు జహీరుద్దీన్.

"అగో! మల్ల జోకిండా లేదా?"

"అది పుస్తకంల ఉన్నదే. నీ పేరేందన్నా?"

ఆలోచించేలోగా మనిషి పేరు చెప్పేస్తాడు. చెప్పగానే జహీరుద్దీన్ కలం తీసి మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో ఊరూ పేరూ రాసి, "ప్రేమతో, జహీరుద్దీన్" అని పెట్టేవాడు. ఇక ఆ పుస్తకాన్ని ఎవరూ వెనక్కివ్వలేదు. చదువు రానివాళ్లు కూడా. సిరాతో రాసిన తమ పేరును మార్కెట్‌లో వదిలేసి పోవడానికి ఎవరికీ కాళ్లాడవు. చేతిలో రూపాయి లేనివాళ్లు దోసెడు మిరపకాయలు పోసేవాళ్లు. జైనాబీ అనేది: "నీ రాతలు నా నోట్లెనే మండుతానయి."

ఖాళీ గోనెల్లో మోసుకు తిరగడం వల్ల ఆ పుస్తకాలకు మిరప ఘాటు పట్టింది. తెరిచినవాడు ముందు తుమ్మి, తర్వాత చదివేవాడు.

రఘునాథపల్లి నుంచి వచ్చే రాజమల్లు మొదటి నుంచీ ఆయన మనిషి. కుప్ప వదిలి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. కొన్న పుస్తకాన్ని ఊళ్లో చదివి వినిపించేవాడు, అడిగినవాళ్లకు ఇచ్చేవాడు. ఆయన బండి మీదే తన చిన్న చెలక పంట వేసుకుని కట్టమ్మ వచ్చేది. భర్త పోయిన మనిషి, పెద్దది. పేరడిగితే నవ్విందట.

"నా పేరెందుకు బిడ్డా? ఊళ్లె అందరు ఎల్లస్వామి పెండ్లామనే అంటరు."

"ఎల్లస్వామి వచ్చి పుస్తకం కొంటలేడు గదవ్వా. నువ్వే కొంటానవు."

"కట్టమ్మ," అంది.

రాసి చూపించాడు: రఘునాథపల్లి కట్టమ్మకు, ప్రేమతో, జహీరుద్దీన్. ఏ ముక్క తనదో వేలు పెట్టి చూపించమంది. దాని మీద తన వేలు ఆనించి, గబుక్కున తీసేసి, పుస్తకం మూసి కొంగులో కట్టుకుంది.

ఇదంతా ఎనభైల మొదట్లో, నవ్వుకుంటూ సాగింది. ఎనభై ఐదు వచ్చేసరికి ఊరి గొంతు తగ్గిపోయింది. నక్సలైట్ల పేరుతో పోలీసులు బస్సులు ఆపి సంచులు వెతికేవాళ్లు. కాలేజీకి పోయిన పిల్లవాడు పొద్దుగూకే వేళకు రాకపోతే తల్లులు గడపల్లో నిలబడేవాళ్లు. యార్డులో కూడా జనం ధర గురించి తప్ప ఇంకో మాట మాట్లాడే ముందు అటూ ఇటూ చూసేవాళ్లు.

ఒక రోజు సంచి పట్టుకున్న రఘునాథపల్లి రైతు, జహీరుద్దీన్ కుట్టు వేస్తుండగా, పెదవులు కదపకుండా చెప్పాడు.

"రాజమల్లును తీస్కపోయిండ్లు."

"ఎవలు?"

"ఎవలంటవేంది. ఊళ్లె చదువుకునే పోరడు బస్సుల దొరికిండు. వాని సంచిల నీ కితాబున్నదట. రాజమల్లు పేరు రాసున్నది."

"నా కితాబుల ఏమున్నదే?"

"మల్ల జోకుమన్నదెవలు, సంచుల మీద కూసున్నదెవలు, పేర్లు చెప్పుమంటాండ్లట."

"అది కథ!"

"మెల్లగ, మెల్లగ. గా ముచ్చట ఆళ్లకు చెప్పు. అట్ట ఊడి పోయిందట దానికి, ప్రెస్సు పేరు దాని మీదనే ఉండె. జహీరుద్దీన్ అంటే ఎవడు, ఏ ఊరోడు అని అడుగుతాంటే, 'నాకెరుక లేదు, అంగట్ల కొన్న' అనే అంటాండట రాజమల్లు."

దబ్బనం అరచేతిలో దిగింది. నొప్పి తెలియలేదు, రక్తం చూశాకే తెలిసింది.

ఆ సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని లెక్క వేసుకున్నది తనను ఎప్పుడు పట్టుకుంటారని కాదు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో, ఎన్ని మొదటి పేజీల్లో తన చేత్తో రాసిన పేర్లు పడి ఉన్నాయని. వరంగల్ చుట్టుపక్కల ప్రతి ఊళ్లో ఒకటో రెండో ఉంటాయి. తను రాసింది పేర్లేననుకున్నాడు. ఇప్పుడు చూస్తే మనుషుల్ని చూపించి పెట్టినట్టుంది.

"ఆయన నీ ఊరు చెప్తలేడు. ఎన్నాళ్లు చెప్పకుంటుంటడు?" అంది జైనాబీ.

జహీరుద్దీన్ పళ్లెం పక్కకు నెట్టాడు. తను పోయి నిలబడితే రాజమల్లును వదిలేస్తారేమో. లేక ఇద్దరినీ ఉంచుకుని, మిగతా పేర్ల కోసం ఊళ్ల మీద పడతారేమో. ముందు ఆ పేర్లు లేకుండా చెయ్యాలి, తర్వాత రాజమల్లు సంగతి. అలా అనుకున్నాడు. అలా అనుకోవడంలో తన భయానికి కూడా కొంచెం నీడ దొరికిందని తర్వాత ఒప్పుకునేవాడు.

మర్నాటి నుంచి అమ్మిన దారినే వెనక్కి నడిచాడు. భుజాన అదే గోనెసంచి, అడుగున తొక్కు మిరపకాయలు. ఏమిటని అడిగితే కాయలు అమ్ముకుంటున్నాననేవాడు. ఇంటి ముందు ఆగి, ఎవరూ లేకుండా చూసి, మెల్లగా అడిగేవాడు: "అన్నా, నేనిచ్చిన పుస్తకంల మొదటి కాయితం జర చింపియ్యి." ఒకప్పుడు యార్డు ఆ చివరకు వినిపించిన గొంతే అది.

కొందరు మాట్లాడకుండా తెచ్చిచ్చారు. కొందరు అప్పటికే పొయ్యిలో పెట్టేశారు. ఒకాయన తలుపు సగం తెరిచి, "ఏ పుస్తకం? నువ్వెవలు?" అన్నాడు. ఆయన భుజం వెనక గూట్లో కలశం బొమ్మ అట్ట కనిపిస్తూనే ఉంది. "ఇల్లు తప్పొచ్చిన అన్నా," అని జహీరుద్దీన్ దిగిపోయాడు. ఇంకొకాయన పేజీ చింపి ఇస్తూ అన్నాడు: "అడిగి రాసిపోతివి. అడిగి చింపుకపోతానవు. నడుమ మేం చదివింది ఏం జెయ్యాలె?"

రఘునాథపల్లిలో రాజమల్లు ఇంటి వైపు పోవడానికి కాళ్లు రాలేదు. కట్టమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో కాయల తొడిమలు తీస్తోంది.

"తెలుసు, నువ్వొస్తవని," అంది తల ఎత్తకుండా. "ఇయ్య."

"అవ్వా, నీ మంచికే."

"నా మంచి నాకెరుకే. రేషన్ కార్డు మీద ఎల్లస్వామి పెండ్లాం. చెలక కాయితం మీద నా మరిది పేరు. ఓటుకు పోతే ఫలానోని భార్య అని పిలుస్తరు. గా కితాబుల ఒక్కతాన్నే నా పేరు ముందుగాల ఉన్నది. నీకు భయమైతాందా, నీ పేరు చింపుకపో. కిందనే ఉన్నదాయె. నాది ఉండనియ్."

ఆయన నిలబడే ఉన్నాడు.

"నా దాన్ని చింపుతవు, ఇంకోనిది చింపుతవు. రాజమల్లు పేరుది పోలీసుల చేతులనే ఉండె. దాన్నెట్ల చింపుతవు?"

ఆయన సంచి భుజానేసుకున్నాడు. బస్సెక్కాడు.

ఘన్‌పూర్ దాటాక బస్సు ఆగింది. ముందు డోర్ నుంచి ఒకరు, వెనక డోర్ నుంచి ఒకరు పోలీసులు ఎక్కారు. అప్పుడు తట్టింది ఆయనకు. ఇన్నాళ్లూ ఊరికొకటిగా, ఇంటికొకటిగా చెదిరి ఉన్న పేర్లన్నీ ఇప్పుడు తన కాళ్ల దగ్గర ఒకే సంచిలో ఉన్నాయి. పోలీసులు ఊళ్లు తిరగాల్సిన పని కూడా లేకుండా తనే ఏరి మోసుకొస్తున్నాడు. వేళ్లు మొద్దుబారాయి. అంచు సీటు ఆమె ఒడిలో పాప ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆగకూడదని, పోలీసుల చూపు అటే పోవాలని దేవుణ్ణి వేడుకున్నాడట.

"ఏముంది దీంట్ల?"

"మిరపకాయలు సార్."

"ఇప్పు."

మూతి విప్పాడు. కానిస్టేబుల్ వంగి చెయ్యి లోపలికి పెట్టి ఒక్కసారి కలిపాడు. అడుగున నలిగిన తొక్కు కాయల పొడి గుప్పున లేచింది. ఆయన తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. వెనక సీటు తుమ్మింది, డ్రైవరు తుమ్మాడు, ఏడ్చే పాప ఏడుపు ఆపి తుమ్మింది. "మూసెయ్ రా, మూసెయ్," అని కళ్లు తుడుచుకుంటూ దిగిపోయాడు కానిస్టేబుల్. బస్సు బస్సంతా నవ్వింది. జహీరుద్దీన్‌కు నవ్వు రాలేదు. సంచి మూతి బిగించబోతే ముడి పడలేదు.

ఇంటికొచ్చి జైనాబీతో, "తగలవెట్టు," అన్నాడు. ఆమె ఒక్క కాగితం కూడా చదవకుండా అన్నీ పొయ్యిలో వేసింది. మిరప పట్టిన కాగితాలు అవి. ఘాటు ఇల్లు నిండి, వీధిలోకి పోయింది. ఇరుగుపొరుగు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చారు. "ఎవలికి దిష్టి తీస్తానవ్ జైనాబీ? గింత ఘాటంటే దిష్టే లేదు పో!" జైనాబీ దగ్గుతూనే, "మా ఆయనకే," అంది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు కదా. వాళ్లు తృప్తిపడి వెళ్లిపోయారు.

తెల్లారి వెంకట్రాజం వచ్చాడు. కూర్చోలేదు. సైకిల్ దిగకుండానే, ఒక కాలు అరుగు మీద పెట్టి మాట్లాడాడు.

"మిగిలిన అట్టలన్ని బాయిల ఏసిన. నువ్వేం జేసినవ్?"

"పేర్లన్ని తెచ్చి కాలవెట్టిన."

"ఎంత పని జేసినవ్ వయా," అన్నాడు వెంకట్రాజం.

"ఏమైంది?"

"జర సోంచాయించు. అందరి పుస్తకాలల్ల పేర్లున్నప్పుడు రాజమల్లు పేరు ఒట్టిదే. అమ్మేటోడు రాసిండు, కొన్నోడు తీస్కపోయిండు, గంతే. ఇప్పుడు పేరున్న పుస్తకం ఒక్కటే మిగిలె. అది ఆళ్ల టేబుల్ మీద ఉండె. ఏరి ఆయనకే రాసిచ్చినట్టు అయిపాయె."

జహీరుద్దీన్ గోడకు ఆనుకున్నాడు. ఇంట్లో ఇంకా ఘాటు పోలేదు. అందరినీ కాపాడుతున్నాననుకుని ఊరూరూ తిరిగి, రాజమల్లును ఒంటరివాణ్ణి చేశాడు. అంత భయం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు అనేవాడు. తనను పట్టుకుంటారన్న భయం వేరు, తన వల్ల ఒక మనిషి తిరిగి రాడేమోనన్న భయం వేరు. మొదటిది మనిషిని దాచుకోమంటుంది. రెండోది కూర్చోనివ్వదు.

అడిగితే దొరికే పేరున్న పుస్తకం ఇంకొకటి ఉంది. కట్టమ్మ దగ్గర. చింపనివ్వనందుకు మిగిలింది.

మళ్లీ రఘునాథపల్లి పోయి, వాకిట్లో నిలబడి, మాట కోసం వెతుక్కుంటుంటే కట్టమ్మే అడిగింది.

"మల్ల చింపుతందుకే వచ్చినవా?"

"కాదవ్వా. నీ పుస్తకం జర ఇయ్యి. పోలీసులకు చూపియ్యాలె. నేను అందరికీ రాస్తనని."

"అంటే నా పేరు ఆళ్లకు చెప్తవు."

"చెప్పాలె." అబద్ధం చెప్పలేకపోయాడు. "వద్దంటే పోత. నీ మీద నాకేం కోపం లేదు."

ఆమె లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. రాదేమోననుకున్నాడు. వచ్చేటప్పుడు ఉతికిన చీర కట్టుకుంది. పుస్తకం కొంగులో ఉంది.

"నీ చేతికియ్య. చింపుతవేమోనని నాకు నమ్మకం లేదు. నేనే వస్త పా."

బస్సులో ఆమె కొంగు మీది చెయ్యి తీయలేదు. ఆయన అది చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

పోలీస్ స్టేషను వరండాలో మెట్ల పక్కన టైరు చెప్పుల జత ఉంది. ఒక దానికి వారు తెగితే పురికొసతో కట్టి ఉంది. ఆ కట్టు జహీరుద్దీనే యార్డులో ఒకనాడు రాజమల్లుకు వేసి ఇచ్చింది. మనిషి కనిపించలేదు. చెప్పులే ఉన్నాయి.

లోపల సీఐ ఏదో చూసుకుంటున్నాడు. "ఏంది?" అన్నాడు. జహీరుద్దీన్ నోరు తెరిచేలోగా వెనక నుంచి కట్టమ్మ అంది: "గా కితాబు రాసినోడు ఈనె సారూ. మిరప గోనెలు కుట్టుకుంట బతుకుతడు."

సీఐ తల ఎత్తాడు.

"నువ్వా రైటర్‌వి? నీ గురించే చూస్తానం. రాజమల్లు నీకేమైతడు?"

"కొనుక్కున్నోడు సార్."

"కొనుక్కున్నోనికి ప్రేమతో అని రాస్తరా?"

"అందరికీ గట్లనే రాస్త సార్."

"అందరంటే ఎవలెవలు?"

ఆ ప్రశ్నకే భయపడి ఇంత దూరం తిరిగాడు. కట్టమ్మ కొంగు విప్పి పుస్తకం టేబుల్ మీద పెట్టింది. పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. సీఐ కళ్లతోనే చెయ్యి తియ్యమన్నాడు. తీసింది. ఆయన చదివి, తుమ్మాడు.

"నీకు చదువొస్తదా?"

"రాదు సారూ."

"మరి పుస్తకమెందుకిచ్చిండు నీకు?"

"ఇచ్చుడేంది? దోసెడు కాయలు పోసి కొన్న."

"చదువు రానప్పుడు కొనుడెందుకు?"

"నా పేరున్నది గదా."

తలుపు దగ్గర కానిస్టేబుల్ పెదవి కొరుక్కున్నాడు. సీఐ మాత్రం నవ్వలేదు. "అంటే ఇద్దరు. ఒక్క ఊరోళ్లే. ఇది కొనుడు కాదు, ఇంకేదో ఉన్నది. ఎట్ల అమ్ముతవో చూపియ్."

సంచిలో అమ్మని కాపీ ఒకటి ఉంది. తీశాడు. 'కాంటా' కథ ఎత్తుకున్నాడు. మొదటి వాక్యాలు తనకే వినిపించేలా చదివాడు. ఏ కథ మీద అనుమానమో ఆ కథనే వాళ్లకు చదివి వినిపిస్తున్నాడు. కానీ ఎన్ని వందల సార్లు చదివిందో అది, చదువుతూంటే గొంతు తనంతట తను లేచింది. పక్క గదిలోంచి ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. రైతు సంచి మీద కూర్చున్నాడు. పక్కవాడు కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. మల్ల జోకుండ్లి అన్నాడు. కాంటా పట్టినవాడు చెయ్యెత్తాడు. టపీమని పుస్తకం మూశాడు జహీరుద్దీన్.

"అగో," అన్నాడు తలుపు దగ్గరి కానిస్టేబుల్. "మల్ల జోకిండా?"

"అది పుస్తకంల ఉన్నది సార్." నోరు అలవాటు కొద్దీ అనేసింది. చెయ్యి కూడా అలవాటు కొద్దీ కలం తీసింది. అప్పుడు ఎక్కడున్నాడో గుర్తొచ్చి కొయ్యబారిపోయాడు.

"ఆగినవేంది బిడ్డా," అంది కట్టమ్మ. "సారు నమ్ముతలేడు గదా. సారు పేరు గూడ రాయి."

సీఐ చొక్కా మీద పేరు పట్టీ ఉంది. జహీరుద్దీన్ దాన్ని చూస్తూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాడు. పేరు, తర్వాత గారికి, తర్వాత ప్రేమతో, జహీరుద్దీన్. రాసి టేబుల్ మీద పెట్టాడు. ఆ పేరు ఏమిటని నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు.

సీఐ పుస్తకాలు పక్కపక్కన పెట్టాడు. ఒక వైపు రాజమల్లు పుస్తకం, ఇంకో వైపు కట్టమ్మది, మధ్యలో తనది. మూడింటిలో ఒకే చేతిరాత, ఒకే మాట. చివరికి మధ్యదాన్ని తీసి సొరుగులో పడేసి తాళం వేశాడు.

"ఇంకెవలి పేర్లు రాయకు. పో."

"సార్, రాజమల్లు..."

"పొమ్మన్న."

కట్టమ్మ తన పుస్తకం తీసుకుంది. ఎవరూ వద్దనలేదు.

ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నారు ఇద్దరూ. రఘునాథపల్లి బస్సు వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చి పోయింది. కట్టమ్మ లేవలేదు. జహీరుద్దీన్ ఆ చెప్పుల మీద నుంచి చూపు తిప్పలేదు. చెప్పులు అక్కడున్నంతవరకూ మనిషి లోపల ఉన్నాడు. మనిషి రాకుండా చెప్పులు లేకపోతే?

పొద్దు వాలుతుండగా రాజమల్లు బయటికొచ్చాడు. గోడ పట్టుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టుకోబోయాడు. ఒక కాలు లోపలికి పోక, చెప్పులు చేతిలోకి తీసుకుని రోడ్డు దాటాడు. కట్టమ్మ నీళ్లిచ్చింది. నిలబడే తాగాడు.

"నీ ఊరు చెప్పలే నేను," అన్నాడు జహీరుద్దీన్‌తో.

జహీరుద్దీన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎవరి చెయ్యి చల్లగా ఉందో తెలియలేదు.

"భాయ్, నా పేరు జర మర్చిపో," అన్నాడు రాజమల్లు. బస్సెక్కాడు.

తర్వాతి మిరప కాలానికి జహీరుద్దీన్ రెండో పుస్తకం తెచ్చాడు. మళ్లీ పెళ్లి అట్టే, ఈసారి అరటిచెట్ల బొమ్మ. యార్డులో కథ చదివి, పుస్తకం మూసి, కలం తీయకుండా నిలబడ్డాడు. జనం పుస్తకం తిప్పి చూసి వెనక్కిచ్చారు. పేరు లేని పుస్తకం ఎవరిదైనా కావచ్చు కదా.

ఒక ములుగు రైతు అన్నాడు: "నా పేరొద్దు. సమ్మక్క పేరు రాయి."

"సమ్మక్కదా?"

"ఆ. ఎవలన్న అడిగితే మేడారం పోయి అడుగుమను."

అలా మొదలైంది. ఒకరు సారలమ్మకు రాయించుకున్నారు. ఒకరు ఐనవోలు మల్లన్నకు, ఒకరు ఊరి పోచమ్మకు. ఊరు పేరు, దేవుడి పేరు, కింద ప్రేమతో, జహీరుద్దీన్. "ఊళ్లల్ల దేవుండ్లందరు నీ దగ్గర్నే పుస్తకాలు కొంటానరాయె. నా వంటకే కాయలొస్తలేవు," అని జైనాబీ నవ్వింది. ఆయన నవ్వాడు. కానీ ఖాకీ రంగు ఏది కనబడినా, అది కరెంటు ఆఫీసువాడిదైనా, కలం జేబులోకి పోయేది.

రాజమల్లు వచ్చాడు. ముందు వరసకు రాలేదు. కుప్పలకు అవతల నిలబడి విన్నాడు. కథ ఆగాక వచ్చి పుస్తకం తీసుకున్నాడు. జహీరుద్దీన్ పేరు అడగలేదు, దేవుడి పేరూ అడగలేదు. ఖాళీ పేజీతోనే తీసుకుపోయాడు. అదే ఇన్నాళ్లలో తాను అమ్మిన పుస్తకాలన్నిటిలోకీ బరువైనది అనేవాడాయన.

కట్టమ్మ తన కాయలు జోకించుకుని చివరికొచ్చింది. దోసెడు కాయలు సంచిలో పోసింది.

"ఏ దేవుని పేరు రాయాలె అవ్వా?"

"నాదే రాయి. దేవుండ్లకు గుళ్లున్నయి."

జహీరుద్దీన్ గేటు వైపు చూశాడు. ఎవరూ లేరు. అయినా మళ్లీ చూశాడు. ఆమె వేలు మొదటి పేజీ మీద, పేరు పడాల్సిన చోట, ముందే ఆనించి ఉంది. ఆ వేలు జరిపి, రాసి, సిరా ఆరేదాకా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.